పని చేసినంతకాలమేనా వైద్యం?
అమెరికాలో యజమాని బీమా, వృద్ధుల ప్రభుత్వ బీమా: పుట్టుపూర్వోత్తరాలు

మనిషికి జబ్బు చేసినప్పుడు రెండు కష్టాలు ఒకేసారి వస్తాయి. ఒకటి శరీర బాధ, రెండవది ఖర్చు. ఆ రెంటికి తోడు కూలి ఆగిపోతే మూడవ కష్టం. పని చేయగలిగిన వయసులో ఉన్నవాడు వీటిని ఏదో విధంగా ఈదుకొస్తాడు. కాని వయసు ఉడిగి, పని మాని, సంపాదన నిలిచిపోయిన తరువాతనే జబ్బులు తరచుగా వస్తాయి. అప్పుడు అతని వైద్యానికి బాధ్యులెవరు? సంతానమా, అతని చేత నలభై ఏళ్ళు పని చేయించుకున్న యజమానియా, ఇరుగుపొరుగా, ప్రభుత్వమా? ప్రతి సమాజమూ ఈ ప్రశ్నకు ఏదో ఒక సమాధానం చెప్పుకోక తప్పలేదు. సంపదలో ప్రపంచానికి అగ్రగామి అయిన అమెరికా సంయుక్త రాష్ట్రాలు చెప్పుకున్న సమాధానం మాత్రం చాలా విచిత్రమైనది. అక్కడ పని చేసేవాడికి యజమాని ద్వారా బీమా, 65 ఏళ్ళు నిండినవాడికి ప్రభుత్వం ద్వారా బీమా. ఈ రెండు ఏర్పాట్లూ ఒకరు కూర్చుని ఆలోచించి గీసిన పథకం ప్రకారం పుట్టినవి కావు. యుద్ధం, పన్నులు, ఎన్నికలు, వైద్యుల వ్యతిరేకత, కార్మిక సంఘాల బేరసారాలు కలిసి వాటిని ఈ రూపానికి తెచ్చాయి.

బీమా ఒప్పందం ధర్మసమ్మతమా, కాదా అన్న చర్చ ఫిఖ్హ్ పండితుల మధ్య చాలాకాలంగా సాగుతున్నది. ఆ చర్చలోకి దిగడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఒక విషయం మీద హుకుం చెప్పేముందు ఆ విషయం స్వరూపాన్ని సరిగా గ్రహించాలన్నది ఉసూల్ పండితులందరూ అంగీకరించిన నియమం. బీమా అనే ఒకే మాట కింద వ్యాపారం, పరస్పర సహాయం, ప్రభుత్వ బాధ్యత అనే మూడు వేర్వేరు వస్తువులు ఎలా చేరాయో అమెరికా చరిత్ర స్పష్టంగా చూపుతుంది. వాటి మధ్య భేదం తెలుసుకోవడానికి ఈ చరిత్ర ఉపకరిస్తుంది.

తొలినాటి పరిస్థితి

19వ శతాబ్దంలో వైద్యం ఖర్చు పెద్దది కాదు. ఆనాటి ఆస్పత్రి నిరుపేదలు చావడానికి వెళ్ళే చోటు. కలిగినవారు ఇంట్లోనే వైద్యం చేయించుకునేవారు. కార్మికుడికి అసలు నష్టం మందుల ఖర్చు వల్ల కాదు, జబ్బు రోజుల్లో కూలి పోవడం వల్ల. అందుచేత కార్మికులు, వలస వచ్చినవారు తమ తమ సంఘాల్లో వారానికి ఇంత అని చందా వేసుకుని, జబ్బుపడిన సభ్యుడికి కొంత పైకం ఇచ్చేవారు. ఇది శుద్ధ పరస్పర సహాయం.

ఈ పద్ధతిని ప్రభుత్వ చట్టంగా మార్చిన తొలి దేశం జర్మనీ. 1883లో బిస్మార్క్ ప్రభుత్వం కార్మికుల అనారోగ్య బీమాను నిర్బంధం చేసింది. 1889లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. బిస్మార్క్ కార్మిక పక్షపాతి ఏమీ కాదు. సోషలిస్టుల వైపు పోతున్న కార్మికులను రాజ్యం వైపు తిప్పుకోవడం అతని ధ్యేయం. 1911లో బ్రిటన్ కూడా అదే బాట పట్టింది.

అమెరికాలో ఇదే ఆలోచన 1912 అధ్యక్ష ఎన్నికలో వినిపించింది. థియోడోర్ రూజ్‌వెల్ట్ నాయకత్వంలోని ప్రోగ్రెసివ్ పార్టీ తన ప్రణాళికలో జబ్బు, నిరుద్యోగం, వృద్ధాప్యాల నుంచి రక్షణ కల్పించే సామాజిక బీమాను చేర్చింది. ఆ ఎన్నికలో రూజ్‌వెల్ట్ ఓడిపోయాడు. తరువాత 1915లో కొందరు సంస్కర్తలు ఒక నమూనా చట్టం రచించి రాష్ట్రాల ముందుంచారు. అది ఎక్కడా నెగ్గలేదు. వైద్యుల సంఘం మొదట సానుభూతి చూపి 1920 నాటికి పూర్తిగా ఎదురు తిరిగింది. కార్మికుల అంత్యక్రియల ఖర్చు కోసం పాలసీలు అమ్మే కంపెనీలు తమ వ్యాపారం పోతుందని అడ్డుపడ్డాయి. విస్మయం కలిగించే సంగతి ఏమిటంటే, అమెరికా కార్మిక సమాఖ్య నాయకుడు శామ్యూల్ గాంపర్స్ కూడా దీనిని వ్యతిరేకించాడు. మేళ్ళు ప్రభుత్వం ఇస్తే కార్మికుడికి సంఘంతో పని ఉండదని అతని భయం. ఇంతలో జర్మనీతో యుద్ధం వచ్చింది. జర్మన్ సరుకు అన్న ముద్ర ఒక్కటి చాలు, ఆ ఆలోచన అంతటితో అణగిపోయింది.

డల్లాస్ ఉపాధ్యాయుల ఆరు డాలర్లు

1920ల నాటికి వైద్యం స్వరూపం మారింది. శస్త్రచికిత్స భద్రమైనది అయింది. ఆస్పత్రి అంటే బ్రతికి బయటపడే చోటు అన్న నమ్మకం ఏర్పడింది. దానితోపాటు ఖర్చూ పెరిగింది. టెక్సాస్ రాష్ట్రం డల్లాస్ నగరంలోని బేలర్ విశ్వవిద్యాలయ ఆస్పత్రికి రోగుల నుంచి రావలసిన బాకీలు పేరుకుపోయాయి. ఆ వ్యవహారాలు చూస్తున్న జస్టిన్ ఫోర్డ్ కింబాల్ అంతకు ముందు అదే నగరంలో పాఠశాలల పర్యవేక్షకుడుగా పనిచేశాడు. ఉపాధ్యాయుల జబ్బు నిధిని నడిపిన అనుభవం అతనికి ఉంది. ఏడాదిలో ఎంతమంది ఉపాధ్యాయులు జబ్బుపడతారో ఆ నిధి లెక్కలు చూసి అంచనా వేశాడు. 1929లో ఒక పథకం ప్రకటించాడు: ఉపాధ్యాయులు నెలకు 50 సెంట్లు, అనగా ఏడాదికి 6 డాలర్లు కడితే ఏడాదిలో 21 రోజుల వరకు ఆస్పత్రి సేవ లభిస్తుంది. వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు చేరారు.

ఇందులోని కిటుకు గ్రహించదగినది. ఆస్పత్రి బీమాను ఒక్కొక్క వ్యక్తికి విడిగా అమ్మితే ముందుగా వచ్చి చేరేది ఎవరు? జబ్బు సూచనలు కనిపించినవారే. ఆరోగ్యవంతుడు రేపు చూద్దామంటాడు. అప్పుడు నిధిలో పడే చందా తక్కువ, బయటికి పోయే ఖర్చు ఎక్కువ అయి నిధి మునిగిపోతుంది. ఉపాధ్యాయులు జబ్బు చేసినందువల్ల ఒక చోట చేరినవారు కారు, ఉద్యోగం వల్ల చేరినవారు. వారిలో ఆరోగ్యవంతులు, రోగులు సహజ నిష్పత్తిలో ఉంటారు. జీతంలోంచే చందా మినహాయిస్తే వసూలు ఖర్చు కూడా ఉండదు. కాబట్టి బీమాకు ఉద్యోగుల బృందం అన్నివిధాలా అనువైన సముదాయం. ఈ సౌకర్యంలోనే ఒక దోషం దాగి ఉంది. బృందంలో లేనివాడు, అనగా ఉద్యోగం లేనివాడు, చిల్లర పనులవాడు, విశ్రాంతి పొందినవాడు, ఈ నీడలోకి రాలేడు.

ఈ నమూనాలోనే ఆస్పత్రులు ఇతర నగరాల్లో నెలకొల్పిన పథకాలు బ్లూ క్రాస్ అన్న పేరుతో వ్యాపించాయి. వైద్యుల ఫీజు కోసం 1939లో కాలిఫోర్నియాలో వైద్యులే ప్రారంభించిన పథకం వంటివి బ్లూ షీల్డ్ అయ్యాయి. 1929 చివర మొదలైన ఆర్థిక మాంద్యంలో ఆస్పత్రులు తమ మనుగడ కోసమే ఈ పనికి పూనుకున్నాయన్నది గమనార్హం.

ఇంకొక ప్రయోగం కాలిఫోర్నియా ఎడారిలో జరిగింది. 1933లో సిడ్నీ గార్ఫీల్డ్ అనే యువ వైద్యుడు లాస్ ఏంజిల్స్‌కు నీరు తెచ్చే కాలువ పనివారి కోసం 12 పడకల ఆస్పత్రి కట్టాడు. రోగి వచ్చినప్పుడు రుసుము అన్న పద్ధతిలో ఆస్పత్రి నడవలేదు. అప్పుడు ఒక్కొక్క పనివాడి తలకు రోజుకు 5 సెంట్లు ముందుగా చెల్లించే ఏర్పాటు చేసుకున్నాడు. పనిలో తగిలే గాయాలకు ఆ పైకం బీమా కంపెనీ ఇచ్చేది. ఇతర జబ్బులకు మరో 5 సెంట్లు కార్మికుడే చెల్లించేవాడు. ఆస్పత్రి నిలదొక్కుకుంది. పనివాడు జబ్బు పడకుండా ఉంటేనే వైద్యుడికి లాభం కనుక గార్ఫీల్డ్ మేకులు ఊడదీయించడం, ప్రమాదాలు తగ్గించడం మీద శ్రద్ధ పెట్టాడు. యుద్ధకాలంలో హెన్రీ కైజర్ ఓడల కర్మాగారాల్లో ఇదే పద్ధతి అమలై, 1945లో ప్రజలందరికీ తెరవబడింది.

1935లో జారిపోయిన అవకాశం

మాంద్యం తీవ్రతలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935 ఆగస్టు 14న సామాజిక భద్రతా చట్టం తెచ్చింది. కార్మికుడూ యజమానీ చెరిసగం పన్ను కట్టగా, 65 ఏళ్ళు నిండిన కార్మికుడికి పింఛను లభించే ఏర్పాటు ఇది. వైద్య బీమాను కూడా ఇందులో చేర్చాలని సలహాదారులు కొందరు కోరారు. అయితే వైద్యుల సంఘం ఆగ్రహానికి గురైతే చట్టం మొత్తం కూలిపోతుందని రూజ్‌వెల్ట్ వెనకాడాడు. తత్ఫలితంగా వృద్ధుడికి తిండి ఖర్చుకు కొంత పైకం వచ్చింది గాని వైద్యం మాట ఎత్తినవారు లేరు. ఆ ఖాళీ 30 ఏళ్ళపాటు అలాగే ఉండిపోయింది.

యుద్ధం తెచ్చిన మార్పు

రెండవ ప్రపంచయుద్ధంలో లక్షలాది యువకులు సైన్యంలో చేరారు. కర్మాగారాల్లో పనివారి కొరత ఏర్పడింది. ధరలు ఆకాశానికి అంటకుండా ఉండేందుకు 1942 అక్టోబరులో ప్రభుత్వం స్థిరీకరణ చట్టం ద్వారా జీతాల పెంపుదలను నిలిపివేసింది. కాని సమంజసమైన మేరకు ఇచ్చే బీమా, పింఛను సౌకర్యాలను జీతంగా లెక్కించలేదు. జీతం పెంచి పనివారిని ఆకర్షించే దారి మూసుకుపోయిన యజమానులకు ఈ కిటికీ కనిపించింది. ఆస్పత్రి బీమా ఇస్తామని పనివారిని పిలవసాగారు.

ఆ తరువాత పన్నుల శాఖ నిర్ణయాలు ఈ పద్ధతికి బలం చేకూర్చాయి. ఉద్యోగుల బీమా కోసం యజమాని కట్టే ప్రీమియం ఉద్యోగి ఆదాయం కిందికి రాదని, దానిపై పన్ను లేదని 1954 ఆదాయపు పన్ను చట్టం నిర్ద్వంద్వంగా ప్రకటించింది. దీని ప్రభావం ఒక ఉదాహరణ ద్వారా తెలుస్తుంది. ఒక ఉద్యోగికి 1,000 డాలర్ల జీతం పెరిగిందనుకుందాం. పన్నులన్నీ కలిసి నూటికి 30 వంతులైతే అతని చేతికి వచ్చేది 700 డాలర్లు. అదే 1,000 డాలర్లు యజమాని నేరుగా బీమాకు కడితే మొత్తం వెయ్యీ బీమాకే చేరుతుంది. కాబట్టి జీతం రూపంలో కంటే బీమా రూపంలో పుచ్చుకోవడమే ఇద్దరికీ లాభం. పన్ను రేటు ఎక్కువగా ఉన్నవాడికి, అనగా పెద్ద జీతగాడికి, ఈ లాభం మరింత ఎక్కువ. ప్రభుత్వం ఈ విధంగా వదులుకునే పన్ను కూడా నిజానికి ప్రభుత్వ ఖర్చే. అయితే అది ఖర్చుల పద్దులో కనిపించదు కనుక దానికి ఎవరూ ప్రభుత్వ సహాయమని పేరు పెట్టరు.

యుద్ధానంతరం కార్మిక సంఘాలు రంగంలోకి వచ్చాయి. పింఛను, బీమా వంటి మేళ్ళపై సంఘంతో బేరమాడవలసిన బాధ్యత యజమానికి ఉందని 1948, 1949 సంవత్సరాల న్యాయనిర్ణయాలు స్థిరపరచాయి. 1950లో జనరల్ మోటార్స్ కంపెనీ, మోటారు కార్మికుల సంఘం మధ్య కుదిరిన అయిదేళ్ళ ఒప్పందంలో పింఛనుతోపాటు ఆస్పత్రి బీమా ఖర్చులో సగం కూడా చేరింది. 1940లో ఆస్పత్రి బీమా ఉన్నవారు జనాభాలో పదింట ఒక వంతు. 1950 నాటికి సగం దాటారు.

ఇదే కాలంలో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ 1945 నవంబరు 19న యావత్ ప్రజలకు వర్తించే జాతీయ ఆరోగ్య బీమాను కాంగ్రెస్ ముందుంచాడు. వైద్యుల సంఘం దీనికి సోషలిస్టు వైద్యమని పేరు పెట్టి ప్రచార సంస్థను నియమించి, 1949 ఒక్క సంవత్సరంలో సుమారు 15 లక్షల డాలర్లు వెచ్చించింది. సోవియట్ రష్యా పట్ల భయం రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో ఆ పేరు చాలు. ట్రూమన్ ఓడిపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఎవరి కోసం అతను పోరాడాడో ఆ కార్మికులలో సంఘటితమైన వర్గానికి అప్పటికే యజమాని ద్వారా బీమా దొరుకుతూ ఉంది. గొంతెత్తగల వారి అవసరం తీరిపోయినప్పుడు మిగిలినవారి గొంతు బలహీనపడింది.

వృద్ధులు ఎలా బయటపడిపోయారు?

బ్లూ క్రాస్ పథకాలు మొదట్లో ఊరంతటికీ ఒకే ప్రీమియం వసూలు చేసేవి. యువకుడు తన ఖర్చు కంటే ఎక్కువ కట్టేవాడు, ముసలివాడు తక్కువ కట్టేవాడు. ఇవాళ్టి యువకుడే రేపటి ముసలివాడు కనుక ఇందులో ఒక న్యాయం ఉంది. వ్యాపార కంపెనీలు ఈ రంగంలోకి రావడంతో ఆ న్యాయం చెడింది.

వంద మంది ఉన్న ఒక ఊరిని ఊహించండి. అందులో 50 మంది పడుచువారికి సగటున తలకు 20 డాలర్లు, 50 మంది పెద్దలకు తలకు 100 డాలర్లు ఖర్చవుతుంది. అందరికీ సమానంగా పంచితే ప్రీమియం 60 డాలర్లు. ఒక వ్యాపార కంపెనీ వచ్చి, పడుచువారే పనిచేసే కర్మాగారానికి మాత్రం 30 డాలర్లకే బీమా ఇస్తానంటుంది. పడుచువారు అటు పోతారు. కంపెనీకి తలకు 10 డాలర్లు మిగులు. పాత నిధిలో పెద్దలు మాత్రమే మిగిలి, వారి ప్రీమియం 60 నుంచి 100 డాలర్లకు పెరుగుతుంది. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. లెక్క ప్రకారమే అంతా జరిగింది. కాని బీమా అవసరం ఎవరికి ఎక్కువో వారే దానిని కొనలేని స్థితికి చేరారు.

1950లలో అమెరికాలో అక్షరాలా ఇదే జరిగింది. ఒక్కొక్క బృందం ఖర్చును బట్టి ఆ బృందానికి ధర నిర్ణయించే పద్ధతి ప్రబలింది. పోటీలో నిలవలేక బ్లూ క్రాస్ కూడా క్రమంగా అదే బాట పట్టింది. ఉద్యోగ విరమణ చేసినవాడు బృందం నుంచి బయటికి వచ్చిన రోజే బీమా కూడా పోయేది. విడిగా కొనబోతే ధర ఎక్కువ, షరతులు కఠినం. 1960ల ప్రారంభంలో వృద్ధులలో సుమారు సగం మందికి ఏ ఆస్పత్రి బీమా లేదు. ఉన్నవారిలో చాలామంది పాలసీలు కొద్దిరోజుల ఖర్చుకే సరిపోయేవి. జీవితమంతా కూడబెట్టిన ఇల్లు ఒక్క శస్త్రచికిత్సతో చేజారేది. లేకపోతే సంతానం తమ పిల్లల చదువు పైకం తెచ్చి తండ్రి మంచం దగ్గర ఖర్చుపెట్టవలసి వచ్చేది. కనుక ఈ సమస్య వృద్ధుల వరకే ఆగలేదు, నడివయసు సంసారులనూ తాకింది. వృద్ధుల బీమాకు అంతటి ప్రజాబలం చేకూరడానికి ఇదొక ముఖ్య కారణం.

మెడికేర్ అవతరణ

ట్రూమన్ పరాజయం నుంచి సంస్కర్తలు ఒక పాఠం నేర్చుకున్నారు. అందరికీ బీమా అంటే నెగ్గదు. ప్రైవేటు కంపెనీలు ఎలాగూ వద్దనుకుంటున్న వృద్ధులతో మొదలుపెడితే వ్యతిరేకత తగ్గుతుంది. పైగా వృద్ధుడు పని ఎగ్గొట్టే సోమరి అని ఎవరూ అనలేరు. సామాజిక భద్రత పన్ను జీవితమంతా కట్టినవాడు కనుక అతనికి అందేది దానం కాదు, హక్కు.

1957లో రోడ్ ఐలండ్ ప్రతినిధి ఎయిమ్ ఫోరాండ్ ఈ మేరకు బిల్లు ప్రవేశపెట్టాడు. దానిని తప్పించేందుకు 1960లో కెర్-మిల్స్ చట్టం వచ్చింది. నిరుపేద వృద్ధులకు రాష్ట్రాల ద్వారా సహాయం ఇవ్వడం దీని సారాంశం. తన పేదరికాన్ని అధికారి ముందు రుజువు చేసుకుంటేనే వైద్యం. అన్ని రాష్ట్రాలూ దీనిని అమలుచేయలేదు.

జాన్ కెనడీ అధ్యక్షుడయ్యాక పోరాటం ఉధృతమైంది. 1961లో వైద్యుల సంఘం ఆనాటి సినిమా నటుడు రోనాల్డ్ రీగన్ గొంతుతో ఒక గ్రామఫోను రికార్డు తయారుచేయించింది. ఈ బిల్లు నెగ్గితే స్వేచ్ఛ అంతరిస్తుందన్నది అందులోని సందేశం. వైద్యుల భార్యలు ఇరుగుపొరుగు స్త్రీలను కాఫీకి పిలిచి దానిని వినిపించేవారు. 1962 మే 20న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలాది వృద్ధుల సభలో కెనడీ ప్రసంగించాడు. వైద్యుల సంఘం అదే మందిరాన్ని అద్దెకు తీసుకుని, ఖాళీ కుర్చీల ముందు తన ప్రతినిధి చేత సమాధానం చెప్పించి టెలివిజన్‌లో చూపింది. ఆ ఏడు జులై 17న సెనేట్‌లో 52-48 ఓట్లతో బిల్లు వీగిపోయింది.

1964 ఎన్నికలో లిండన్ జాన్సన్ అఖండ విజయం పరిస్థితిని మార్చివేసింది. అంతవరకు బిల్లుకు అడ్డుగోడగా నిలిచిన విల్బర్ మిల్స్, ప్రతినిధుల సభలో పన్నుల సంఘానికి అధ్యక్షుడు. ఇక ఆపలేనని గ్రహించి అతను ఎవరూ ఊహించని పని చేశాడు. ప్రభుత్వం కోరిన ఆస్పత్రి బీమా, ప్రతిపక్షం సూచించిన స్వచ్ఛంద వైద్య ఫీజు బీమా, వైద్యుల సంఘం సమర్థించిన పేదల సహాయం, ఒకదానికొకటి పోటీగా వచ్చిన ఈ మూడింటినీ ఒకే చట్టంలో కలిపివేశాడు. మొదటిది మెడికేర్ ‘ఎ’ భాగం, రెండవది ‘బి’ భాగం, మూడవది మెడికెయిడ్ అయ్యాయి. 1965 జులై 30న మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్‌లో జాన్సన్ సంతకం చేశాడు. ఆ ఊరు ట్రూమన్ స్వస్థలం. ఇరవై ఏళ్ళ క్రితం ఓడిపోయిన ఆ వృద్ధుడికే మెడికేర్ మొదటి కార్డు అందజేశారు.

పథకం 1966 జులై 1న అమలులోకి వచ్చింది. సుమారు 1 కోటి 90 లక్షల మంది చేరారు. ఆస్పత్రి బీమాకు కార్మికుడు, యజమాని చెరొక 0.35 శాతం పన్ను కట్టాలి. రోగి ఆస్పత్రిలో చేరినప్పుడు మొదటి 40 డాలర్లు తానే భరించాలి. వైద్యుల ఫీజు బీమాకు నెలకు 3 డాలర్ల ప్రీమియం, అంతే మొత్తం ప్రభుత్వ ఖజానా నుంచి.

ఒక ఆస్పత్రి, రెండు ద్వారాలు

మెడికేర్ సాధించిన మరొక కార్యం ఎక్కువగా చెప్పుకోబడదు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికి వేరే వార్డు, వేరే ద్వారం, వేరే రక్తనిధి ఉండేవి. కొన్ని ఆస్పత్రుల్లో అసలు ప్రవేశమే లేదు. ప్రభుత్వ ధనం పుచ్చుకునే ఏ సంస్థా జాతి విచక్షణ పాటించరాదని 1964 పౌరహక్కుల చట్టం శాసించింది. మెడికేర్ ధనం కావాలంటే ఈ నిబంధన పాటించి తీరాలని జాన్సన్ ప్రభుత్వం పట్టుబట్టింది. పర్యవేక్షకులు ఆస్పత్రులకు వెళ్ళి వార్డులను స్వయంగా చూశారు. నాలుగు నెలలు తిరక్కముందే వెయ్యికి పైగా ఆస్పత్రులు విచక్షణకు స్వస్తి చెప్పాయి. దశాబ్దాల ఉపదేశాలు సాధించలేనిది ధనం షరతుగా మారినప్పుడు సాధ్యమైంది. యజమాని బీమా అంతకు ముందు రెండు దశాబ్దాలుగా ఆస్పత్రులకు ధనం పోస్తూనే ఉన్నా ఇటువంటి షరతు పెట్టలేదు. ప్రజాధనానికీ ప్రైవేటు ధనానికీ ఉన్న భేదం ఇక్కడ తేటతెల్లమవుతుంది.

వైద్యులను, ఆస్పత్రులను ఒప్పించడానికి ప్రభుత్వం చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఆస్పత్రికి అయిన ఖర్చంతా, పైగా మరో 2 శాతం, చెల్లించడానికి అంగీకరించింది. వైద్యులకు వారి వాడుక ఫీజు ఇస్తామన్నది. ఖర్చు ఎంతైతే అంత వస్తుందన్నప్పుడు పొదుపు చేసేవారెవరు? ఖర్చులు వేగంగా పెరిగాయి. చివరకు 1983లో, 1961 నాటి రికార్డులో గొంతు వినిపించిన రీగన్ అధ్యక్షుడుగా ఉండగానే, ఒక్కొక్క జబ్బుకు ఇంత అని ముందే నిర్ణయించి చెల్లించే పద్ధతి వచ్చింది. జబ్బులను సుమారు 470 తరగతులుగా విభజించారు.

తరువాతి మార్పులు

1972 సవరణల వల్ల దీర్ఘకాల వికలాంగులకు, మూత్రపిండాలు పూర్తిగా చెడినవారికి కూడా 1973 నుంచి మెడికేర్ వర్తించింది. యజమాని బీమా విషయంలో 1974 చట్టం ఒకటి ముఖ్యం. సొంత నిధితో బీమా నడిపే పెద్ద కంపెనీలు దాని వల్ల రాష్ట్రాల బీమా నిబంధనల నుంచి తప్పించుకోగలిగాయి. ఉద్యోగం పోయినవాడు సాధారణంగా 18 నెలల వరకు పాత బీమాను తన ఖర్చుతో కొనసాగించుకునే హక్కు 1986లో వచ్చింది. అయితే యజమాని వాటా కూడా తానే కట్టుకోవాలి. జీతం ఆగిన నెలలోనే ప్రీమియం కొన్ని రెట్లు పెరిగే ఈ హక్కును ఎంతమంది వాడుకోగలరో ఊహించవచ్చు.

ఒకప్పుడు పెద్ద కంపెనీలు విశ్రాంత ఉద్యోగులకు కూడా బీమా ఇచ్చేవి. భవిష్యత్తులో ఇవ్వవలసిన ఆ మొత్తాన్ని ఇప్పుడే అప్పుగా లెక్కల్లో చూపాలని 1990లో గణాంక నిబంధన వచ్చింది. వాగ్దానం విలువ కాగితం మీద కనిపించగానే చాలా కంపెనీలు వెనక్కి తగ్గాయి. బీమా ఇచ్చే పెద్ద సంస్థలలో విశ్రాంత ఉద్యోగులకూ ఇస్తున్నవి 1988లో మూడింట రెండు వంతులు. 2024 నాటికి అవి సుమారు నాలుగో వంతుకు తగ్గాయి.

ఇంటికి తీసుకువెళ్ళే మందుల ఖర్చు 1965 చట్టంలో లేదు. 2003 చట్టం ద్వారా 2006 జనవరి 1 నుంచి ఆ సౌకర్యం వచ్చింది. ధరల విషయంలో కంపెనీలతో ప్రభుత్వం బేరమాడరాదన్న నిషేధం కూడా దానితోనే వచ్చింది. 2022 చట్టం కొన్ని మందుల విషయంలో ఆ నిషేధం తొలగించి, ఇన్సులిన్‌కు రోగి చెల్లించేది 2023 నుంచి నెలకు 35 డాలర్లు మించకుండా చేసింది. 2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన చట్టం యజమాని బీమాను గాని మెడికేర్‌ను గాని తొలగించలేదు. రెంటికీ మధ్య మిగిలిపోయినవారికి దారి చూపింది. పాత జబ్బు ఉందన్న కారణంతో బీమా నిరాకరించే పద్ధతి 2014 నుంచి అంతరించింది.

ఇప్పటికీ మిగిలిన లోట్లు

2024లో యజమాని ద్వారా ఒక కుటుంబానికి అయ్యే సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి నేరుగా కట్టేది 6,296. మిగిలినది యజమాని కడుతున్నట్టు కనిపిస్తుంది. అయితే ఆ పైకం చాలావరకు జీతంగా రావలసినదేనని ఆర్థికవేత్తలలో అత్యధికుల అభిప్రాయం. మెడికేర్‌లోనూ 1966లో 3 డాలర్లున్న నెల ప్రీమియం 2025లో 185 డాలర్లు. ఆస్పత్రిలో చేరినప్పుడు భరించవలసిన 40 డాలర్లు 1,676 డాలర్లయ్యాయి. ప్రభుత్వం నేరుగా నడిపే మెడికేర్‌లో పళ్ళు, కళ్ళద్దాలు, వినికిడి యంత్రాలకు సాధారణంగా చోటు లేదు. మంచాన పడిన వృద్ధుడిని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండే సేవకు అసలే లేదు. అటువంటి సేవ కావలసినవాడు తన పైకమంతా కరగదీసుకుని నిరుపేద అయ్యాక మెడికెయిడ్‌ను ఆశ్రయించాలి. 1965లో ఏ అవమానం నుంచి వృద్ధుడిని తప్పించాలనుకున్నారో ఆ అవమానం వేరే ద్వారం గుండా తిరిగి వచ్చింది.

అక్కడ నివసించే తెలుగు కుటుంబాలు ఈ చరిత్ర ఫలితాన్ని ప్రత్యక్షంగా అనుభవిస్తున్నాయి. ఉద్యోగ వీసా మీద వెళ్ళినవారికి సాధారణంగా కంపెనీ ద్వారానే బీమా. కొలువు పోతే దేశంలో ఉండే హక్కుకే కాదు, బిడ్డల వైద్యానికీ గడువు పడుతుంది. ఇక్కడి నుంచి పిలిపించుకున్న తల్లిదండ్రులు కంపెనీ బీమా కిందికి మామూలుగా రారు. 65 ఏళ్ళు నిండినా, గ్రీన్‌కార్డు పొంది అయిదేళ్ళు వరుసగా నివసిస్తేగాని ప్రీమియం చెల్లించి మెడికేర్‌లో చేరలేరు. పదేళ్ళ పన్ను చెల్లింపు లేనివారికి 2025లో ఆస్పత్రి భాగం ప్రీమియమే నెలకు 518 డాలర్ల వరకు ఉంది. తల్లిదండ్రులను దగ్గర పెట్టుకుని సేవ చేయాలన్న కోరిక ఉన్నవారు ఆ అయిదేళ్ళను ఎలా గడపాలో ముందుగా ఆలోచించుకోవలసి వస్తున్నది.

ఈ చరిత్రలో మూడు సంగతులు ప్రత్యేకంగా ఆలోచించదగినవి. మొదటిది, పరస్పర సహాయం నిలిచేది ఆరోగ్యవంతుడు, రోగి ఒకే నిధిలో ఉన్నంతవరకే. లాభం కోసం వారిని వేరుచేసిన రోజున లెక్క సరిగానే ఉంటుంది, సహాయం మాత్రం మాయమవుతుంది. రెండవది, వైద్యాన్ని ఉద్యోగంతో ముడివేయడం ఏ సిద్ధాంతం నుంచీ పుట్టలేదు. జీతాలు ఆపిన ఒక యుద్ధకాలపు ఆజ్ఞ నుంచి పుట్టి, పన్ను రాయితీతో వేళ్ళూనుకుని, అలవాటుగా మిగిలిపోయింది. మూడవది, వృద్ధుల భారాన్ని ప్రభుత్వం తలకెత్తుకున్నందువల్లనే యజమాని బీమా చవకగా నడవగలిగింది. ఖర్చు తక్కువ ఉన్నవారు ఒక వైపు, ఎక్కువ ఉన్నవారు మరొక వైపు నిలబడ్డారు.

అయినా 1965 నాటి నిర్ణయంలో ఒక గొప్పతనం ఉంది. పని చేయలేని మనిషి విలువ తగ్గిపోదని, అతని వైద్యం ఖర్చు మిగిలినవారందరి మీద ఒక బాధ్యత అని ఆ చట్టం అంగీకరించింది. వృద్ధుడి విషయంలో అంగీకరించిన ఆ మాటను పని దొరకని యువకుడి విషయంలో, చిన్న దుకాణంలో కొలువు చేసే సంసారి విషయంలో ఎందుకు అంగీకరించకూడదన్నదే ట్రూమన్ నాటి నుంచి నేటి వరకు ఆ దేశంలో తెగని వివాదం.